ఒడిలో పెట్టుకున్న చేతులు

మా ఇంటి పై పోర్షనులో అద్దెకుంటున్న దంపతులు మొన్న ఆదివారం పొద్దున, నేను పేపరు మడిచి పక్కన పెట్టి కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండగా, ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. వాళ్ళ వెనకాల పాప కూడా గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగింది. పాపకు పన్నెండేళ్ళు. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది, ఐదో తరగతి దాకా మామూలు బడిలో వెనక బెంచీ మీద కూర్చోబెట్టి ఎలాగో నెట్టుకొచ్చారు, ఆపైన ఆ బడివాళ్ళు ఇక మా వల్ల కాదన్నారు. కవరులో ఉన్నది ఒక దరఖాస్తు ఫారం. బోధన్ దారిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల హైస్కూలు ఒకటి ఉంది, దానిది. ముప్పై ఏళ్ళకు పైగా పేపరులో రాసినవాణ్ణి కదా, నా దస్తూరీ బాగుంటుందని, నన్ను నింపిపెట్టమన్నారు.

పేరు, ఊరు, పుట్టిన తేదీ, తిండి తానే తింటుందా, ఏ శబ్దానికి భయపడుతుంది, ఏది చేతికిస్తే కుదురుగా కూర్చుంటుంది, కోపం వచ్చినప్పుడు ఇంట్లో ఎవరి మాట వింటుంది. అన్నీ ఆ తల్లి చెప్తుంటే రాసుకుంటూ పోయాను. నాలుగో పేజీ అడుగున చివరి ప్రశ్న దగ్గర నా కలం ఆగింది. 'ఇక్కడికి తీసుకువచ్చే ముందు ఏమేమి చేయవద్దని పిల్లకు చెప్పారు?' పాప తల్లి తొంగిచూసి నవ్వింది.

"గిదేం ప్రశ్న అంకుల్? ఏం చెప్పలేదని రాయాల్నా?"

అది అలాగే ఉండనిమ్మని, అక్కడికి వెళ్ళాక చూద్దామని చెప్పి కలానికి మూత పెట్టాను. వాళ్ళు వెళ్ళిపోయాక చాలాసేపు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. బాధ అనిపించిందని రాస్తే పాఠకులకు బాగానే ఉంటుంది గానీ, నిజానికి ఏమీ అనిపించలేదు. ఆ ప్రశ్న ఆ ఫారంలోకి నా మూలంగానే వచ్చింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు ముగ్గురో నలుగురో ఉంటారు.

మా అక్కను మోర్తాడ్‌లో పసుపు పండించే ఇంటికి ఇచ్చాము. ఆమెకు పెళ్ళైన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ నా మేనకోడలు. పుట్టగానే ఏడవలేదట, మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తితే గానీ గొంతు విప్పలేదట. మూడేళ్ళు వచ్చేసరికి అందరికీ అర్థమైంది. కానీ ఆ పిల్ల గురించి చెప్పుకోవాల్సింది అది కాదు. ఆమె చేతులు ఎప్పుడూ ఊరికే ఉండేవి కావు. ఇంటికి ఎవరు వచ్చినా రెండు చేతులు జోడించి నమస్తే పెట్టేది, మనుషులకే కాదు, కాడి విప్పిన ఎడ్లకు కూడా పెట్టేది. పదేళ్ళకు చాయ్ కాచేది, చక్కెర ఒకోసారి రెండుసార్లు వేసేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇక పసుపు ఇంటికొచ్చే కాలం వస్తే ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

పసుపు మార్కెట్టు తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. తవ్విన పసుపును ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, నున్నగా చేసి, ఆ తర్వాత కాడిని వేరుగా, గోళను వేరుగా ఏరుతారు. వేళ్ళలా పొడుగ్గా ఉండేది కాడి, ఉండలా ఉండేది గోళ. వినడానికి తేలికే. కానీ కుప్పలో సగం కాడి, సగం గోళ అన్నట్టుండే ముక్కలు బోలెడు ఉంటాయి, వాటి దగ్గర కూలికి వచ్చిన ఆడవాళ్ళు కూడా ఒక్క క్షణం తటపటాయిస్తారు. మా మేనకోడలు తటపటాయించేది కాదు. కుడిచేత్తో కాడి, ఎడమచేత్తో గోళ, కళ్ళు ఎటో చూస్తున్నా చేతులు మాత్రం తప్పేవి కావు. నిజామాబాద్ యార్డుకు పోయే మా బావ బస్తాలలో ఆమె ఏరినవి వేరుగా కట్టేవాళ్ళు.

ఆమెకు పదకొండేళ్ళు నిండిన ఏడాది వైకల్య ధ్రువపత్రం కోసం నిజామాబాద్ పెద్ద దవాఖానలో పెట్టిన క్యాంపుకు తీసుకువెళ్ళాము. ఆ కాగితం ఉంటే బస్సు పాసు వస్తుంది, పింఛను వస్తుంది, రేపు ఏ బడిలో చేర్చాలన్నా ముందు అదే అడుగుతారు. దవాఖాన వరండాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాము. లోపలికి పిలవగానే మా పిల్ల డాక్టరుకు నమస్తే పెట్టింది, పేరు చెప్పింది, ఊరు చెప్పింది, అడగకుండానే బాపు పేరు, అమ్మ పేరు, అవ్వ పేరు, ఎడ్ల పేర్లు చెప్పింది. డాక్టరు బల్ల మీది కలం కింద పడితే తీసి ఆయన జేబులో పెట్టింది. ఆయన నవ్వి, చాలా మంచి పాప అన్నాడు. ఆ మాట అంటూనే, వైకల్యం శాతం కాగితం రావడానికి కావలసినదానికన్నా తక్కువ రాశాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన చూసిందే రాశాడు.

తిరిగి వస్తుంటే బస్సులో మా బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆర్మూర్ దాటాక, "మంచి పిల్లైతె కాయితం రాదన్నట్టు," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మళ్ళీ ఏడాది క్యాంపు పెట్టే ముందు ఆ ఆలోచన చెప్పింది నేనే. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ రోజులలోనే నేను మా పేపరు జిల్లా పేజీలో దొంగ ధ్రువపత్రాల మీద వరుసగా రాశాను. ఏ లోపమూ లేనివాళ్ళు కుంటుకుంటూ వచ్చి కాగితాలు తీసుకుని గేటు దాటగానే సైకిలెక్కి పోతున్నారని రాస్తే మంచి పేరు వచ్చింది, బస్టాండులో చాయ్ హోటలు అతను కూడా మెచ్చుకున్నాడు. మన కాలం విలేకరులకు గుర్తుండే ఉంటుంది, వార్త రాసి కవరులో పెట్టి, సాయంత్రం బస్సు కండక్టరు చేతిలో పెట్టి, అది హైదరాబాదు చేరిందో లేదో మర్నాడు పేపరు చూస్తే గానీ తెలియని రోజుల నుంచి వచ్చినవాళ్ళం. అక్షరం అచ్చయితే అదే సత్యమని నమ్మినవాళ్ళం. మరి మా పిల్ల విషయంలో నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, ఈమెకున్నది నిజమైన లోపమే కదా, మనం అబద్ధం చెప్పడం లేదు, ఆమె చేయగలిగినది కొంచెం చేయకుండా ఉంటుంది, అంతే.

పది రోజులు సెలవు పెట్టి మోర్తాడ్ వెళ్ళాను. తెల్లచొక్కా వేసుకుని, అట్టకు కాగితాలు బిగించుకుని, జేబులో కలం పెట్టుకుని కల్లంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా పీట మీద పిల్ల. చుట్టూ ఇంటివాళ్ళందరూ. నేను గొంతు మార్చి, "పేరేంది?" అని అడిగాను.

"మామా, నా పేరు నీకెర్కలేదా?" అన్నది.

అందరూ పగలబడి నవ్వారు. మా బావ అయితే కళ్ళు తుడుచుకుంటూ, "బామ్మర్ది డాక్టరేషం మంచిగేసిండు. గిట్లనే ఇడిస్తె సూది గూడ ఏస్తడు," అన్నాడు. పిల్ల కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

మొదటి రోజు అంతే. రెండో రోజు నుంచి పల్లీపట్టి తెప్పించాను. ఏం అడిగినా మాట్లాడకుండా ఉంటే ఒక ముక్క. చేతులు కదపకుండా ఉంటే ఇంకొక ముక్క. చేతులతోనే ఎక్కువ కష్టమైంది. నోరు మూసుకునేది గానీ, నా కలం కింద పడేస్తే చెయ్యి దానంతటదే వెళ్ళిపోయేది. అప్పుడు మా అక్క ఆమె రెండు చేతులూ తీసి ఒడిలో పెట్టి, పైన తన చెయ్యి ఉంచి, "చేతులు ఒళ్ళె పెట్టుకో బిడ్డా, గంతే, ఏం జెయ్యకు," అనేది. ఆ మాట ఆ పది రోజులలో ఎన్నిసార్లు అన్నదో. ఏడో రోజుకు కలం పడ్డా చెయ్యి కదలలేదు. పదో రోజుకు పల్లీపట్టి కూడా అవసరం లేకపోయింది, తెల్లచొక్కా, చేతిలో కాగితం కనబడితే చాలు, రెండు చేతులూ ఒడిలోకి వెళ్ళిపోయేవి, ముఖంలో ఏమీ ఉండేది కాదు. ఒక బడిలో ఏడేళ్ళకు రానిది పది రోజులలో నేర్పానని నాకు లోలోపల గర్వంగా కూడా అనిపించింది.

ఆ ఏడాది క్యాంపులో కావలసిన శాతం వచ్చింది. కాగితం చేతికి వచ్చిన రోజు మా అక్క దాన్ని చూస్తూ కూర్చుంది. అందులో ఏం రాసి ఉందో చదవమని నన్ను అడిగింది, నేను చదివి వినిపించాను. ఒకసారి విని మళ్ళీ చదవమనలేదు.

అదే వేసవిలో బోధన్ దారిలోని ఆ బడి గురించి తెలిసింది. బోధన్ ఇంకా రెండు మైళ్ళుందనగా, ఎడపల్లి వైపు, ఒకప్పుడు చెరకు బండ్లను తూచడానికి కట్టిన పెంకుల షెడ్డు ఉండేది, దాన్ని బాగు చేయించి, పక్కన నాలుగు గదులు కట్టి నడిపేవారు. చుట్టుపక్కల జనం ఇప్పటికీ దాన్ని కాంటా బడి అనే అంటారు. నడిపే పెద్ద టీచరమ్మ బోధన్ పక్క ఊరి మెథడిస్టు కుటుంబంలోని మనిషి, అప్పటికే యాభై దాటింది, తెల్ల నేత చీర, చేతికి మగవాళ్ళ వాచీ. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడగా నేను చూడలేదు.

ఆ బడి పద్ధతులు అప్పట్లో మాకు వింతగా ఉండేవి. తరగతులకు అంకెలు లేవు. ప్రతి పిల్లకూ గోడ మీద ఒక తాడు, ఆ తాడుకు బొమ్మల అట్టలు: పళ్ళెం బొమ్మ, చీపురు బొమ్మ, పుస్తకం బొమ్మ, బస్సు బొమ్మ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం జరగబోతుందో ఆ తాడు చూస్తే తెలుస్తుంది, అయిపోయిన అట్టను పిల్లే తీసి డబ్బాలో వేస్తుంది. రాయగలిగినవాళ్ళకు ఓపెన్ స్కూలు పరీక్షలు కట్టించేవారు, పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషిని అడిగి తెచ్చుకునేవారు. మిగతావాళ్ళకు సంచులు, విస్తళ్ళు కుట్టడం, బస్సెక్కి బోధన్ వెళ్ళి రావడం. టీచర్లకు ఒక నియమం ఉండేది, పిల్లను ఏదైనా అడిగితే మనసులో ఇరవై లెక్కపెట్టాకే రెండోసారి అడగాలి. ఇంకొక నియమం, పిల్ల గురించి మాట్లాడేటప్పుడు పిల్ల కూడా అదే బల్ల దగ్గర, అదే ఎత్తు కుర్చీలో కూర్చోవాలి.

హైస్కూలు విభాగంలో ఆ ఏడు ఒకే ఒక్క సీటు మిగిలింది. పదమూడు దాటితే కొత్తగా తీసుకోరు, మా పిల్లకు అప్పటికే పదమూడు నడుస్తోంది. అందులో దొరకకపోతే పక్క గది ఉండేది. పూర్తిగా ఒకరి మీద ఆధారపడే పిల్లలను అక్కడ పొద్దంతా చూసుకుంటారు, తినిపిస్తారు, కడుగుతారు, ఎండలో కూర్చోబెడతారు. ఆ గదిలో తాళ్ళు లేవు, అట్టలు లేవు.

మేము వెళ్ళిన రోజు పెద్ద టీచరమ్మ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, పిల్లకూ ఒక కుర్చీ వేసింది. తర్వాత అట్టకు బిగించిన కాగితాలు, కలం తీసుకుని ఎదురుగా వచ్చి కూర్చుంది.

మా పిల్ల చేతులు ఒడిలోకి వెళ్ళిపోయాయి.

పేరు అడిగింది. ఇరవై లెక్కపెట్టింది కాబోలు, చాలాసేపు ఊరుకుంది. మళ్ళీ అడిగింది. పూసల డబ్బా తెచ్చి ముందు పెట్టింది, గ్లాసులో నీళ్ళు తెచ్చి పెట్టింది, ఒక బంతి నేల మీద దొర్లించింది. బంతి వచ్చి పిల్ల కాలికి తగిలి ఆగింది. దూరాన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సైరను మోగితే మేమందరం తలెత్తి చూశాము, ఆమె ఎత్తలేదు. గంటసేపు అలాగే. మా అక్క ఒకటే నా వైపు చూస్తోంది. నేను చెప్పాలి. అమ్మా, ఇది మేము నేర్పిందే, ఆ అట్ట పక్కన పెట్టి ఒక కుప్ప పసుపు తెప్పించండి, అని ఒక్క వాక్యం. నాకు వాక్యాలు కొత్త కాదు.

అప్పుడే పెద్ద టీచరమ్మ ధ్రువపత్రంతో పాటు మేమిచ్చిన దరఖాస్తు తిప్పి చూస్తూ, అందులో ఉన్న నా పేరు ఎక్కడో చదివినట్టుందని, ఏ పేపరని అడిగింది. చెప్పాను.

"దొంగ సర్టిఫికెట్ల మీద రాసింది మీరేనా సార్? మంచిగ రాసిండ్రు. అసొంటోళ్ళ తోటే అసలు పిల్లలకు అన్యాయమైతుంది," అన్నది.

నేను తల ఊపాను. పిల్లకు కొత్త చోటంటే కొంచెం బెదురని మాత్రం అన్నాను. ఆమె ఆ మాట కూడా రాసుకుంది. ధ్రువపత్రంలో రాసినదీ, కళ్ళ ముందు కనబడినదీ ఒక్కటే అయ్యాయి కాబట్టి ఆమెకు అనుమానపడవలసిన అవసరం లేకపోయింది. సీటు ఇంకెవరి పిల్లకో వెళ్ళింది. మా పిల్లను పక్క గదిలో తీసుకుంటామన్నారు, హాస్టలు అక్కడే.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు చెరకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మా అక్క ఆ ట్రాక్టర్లనే చూస్తూ, "నువ్వన్న జెప్తవనుకున్న తమ్మీ," అన్నది. తను మాత్రం ఎందుకు చెప్పలేదని అడగవచ్చు. మా ఇంట్లో కాగితాలతో పని పడితే మాట్లాడేది నేనే, ఎప్పటి నుంచో అంతే.

ఆ జూన్ నుంచి పసుపు తవ్వే కాలం దాకా పిల్ల పక్క గదిలో ఉంది. పదిహేను రోజులకొక శనివారం నేను వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. ఆ గది ఆయా తెల్లచీర కట్టి, ఎవరెంత తిన్నారో కాగితం మీద రాసుకుంటూ తిరిగేది, ఆమె చెంచాతో అన్నం తినిపిస్తుంటే మా పిల్ల చేతులు ఒడిలోనే ఉంచుకుని తినేది. ఇంట్లో చాయ్ కాచి మాకందరికీ పంచిన పిల్ల. ఆయాకు తెలియదు, అడిగితే చెప్పేది నేను, నన్ను ఎవరూ అడగలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఈసారి చెప్పాలనే వెళ్ళేవాణ్ణి. వరండా దాటి ఆఫీసు గది దాకా నడిచి, లోపల ఎవరో ఉన్నారని తిరిగి వచ్చేవాణ్ణి. ఒకసారి లోపల ఎవరూ లేరు, అయినా తిరిగి వచ్చాను. ఆ నెలల గురించి ఎంత తవ్వినా నాకు ఇంతకన్నా జ్ఞాపకం రాదు. తిన్నాను, పడుకున్నాను, వార్తలు రాశాను.

బయటపడింది మా బావ తల్లి వల్ల. ఆ ముసలావిడ కొత్త పసుపు ఇంటికి రాగానే, మనుమరాలిని చూసుకున్నట్టూ ఉంటుంది, బడికి ఇచ్చినట్టూ ఉంటుందని, ఏరని పసుపు చిన్న బస్తా ఒకటి వేసుకుని, మోర్తాడ్ నుంచి రెండు బస్సులు మారి ఒక్కతే వచ్చేసింది. నేను అప్పుడు అక్కడ లేను, తర్వాత అందరి నోటా విన్నదే చెప్తున్నాను. వరండాలో కూర్చుని బస్తా మూతి విప్పి, గుడ్డ మీద కుమ్మరించి, ఏరుకోవడం మొదలుపెట్టిందట. మనుమరాలు వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసింది. తర్వాత కుడిచెయ్యి కదిలింది, ఎడమచెయ్యి కదిలింది. రెండు కుప్పలు లేస్తున్నాయి. ముసలావిడ చూపు ఆనక ఒక ముక్క తప్పు కుప్పలో వేస్తే, ఏడు నెలలుగా ఆ బడిలో ఎవరూ వినని గొంతుతో, "అవ్వా, గిది గోళ. నీకు కండ్లు కనబడ్తలేవా?" అన్నదట.

గుమ్మంలో పెద్ద టీచరమ్మ నిలబడి ఉంది. చేతిలో అట్ట లేదు, కలం లేదు. ఆమె ఏమిటమ్మా ఇది అని అడిగితే, ముసలావిడ ఏ దాపరికమూ లేకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"డాక్టర్ల ముంగట ఏం జెయ్యద్దని మేమే నేర్పినం గదమ్మా. మా కోడలి తమ్ముడు మీకు జెప్పలేదా? పేపర్ల లోకం సంగతులన్ని రాస్తడు. గిదొక్కటి రాయలేనట్టుంది."

మర్నాడు నాకు ఫోను వచ్చింది. వెళ్ళాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. పెద్ద టీచరమ్మ నన్ను కూర్చోబెట్టి, ఏ రోజు ఏం నేర్పారు, ఏ మాట వాడారు, పల్లీపట్టి ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు మానేశారు, చేతుల మీద చెయ్యి ఎవరు పెట్టేవారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. నేను ఊళ్ళలో జనాన్ని అడిగి రాసుకున్నట్టే ఉంది. అంతా అయ్యాక కాగితం మడిచి, తప్పు మీదొక్కరిదే కాదు, తనూ ఇంటికి వచ్చి చూడకుండా ఇక్కడ గంటసేపు చూసి సరిపెట్టుకున్నానని అన్నది. తర్వాత, "నేర్పినోళ్ళే ఇడిపించాలె సార్. శనివారం శనివారం రాండ్రి. గదే తెల్లంగి ఏసుకొని, గదే అట్ట పట్టుకొని," అన్నది.

అలా ఏడాది పాటు శనివారాలు వెళ్ళాను. మా పిల్ల ఎదురుగా కూర్చుని, పేరేంది అని అడిగేవాణ్ణి. ఇరవై లెక్కపెట్టేవాణ్ణి. మళ్ళీ అడిగేవాణ్ణి. చేతులు ఒడిలోనే ఉండేవి. అట్ట కింద పెట్టేస్తే, ఒక నిమిషానికి చేతులు బయటికి వచ్చేవి, "మామా, అమ్మ ఎట్లుంది?" అనేది. అట్ట ఎత్తితే మళ్ళీ లోపలికి. కలాన్ని ఆమె చేతికే ఇచ్చి చూశాము. ఒడిలో పెట్టుకుని దాని మీద చేతులు పెట్టుకుంది. చివరికి పెద్ద టీచరమ్మే, ఇక చాలు సార్, బలవంతం చేస్తే ఉన్నది కూడా పోతుందని ఆపించింది.

ఈలోగా మరుసటి ఏడు బడి తెరవగానే వయసు నియమం సడలించి ఆమెను హైస్కూలు విభాగంలోకి మార్చారు. ఆమె తాడుకు మిగతావాళ్ళకన్నా ఒక అట్ట ఎక్కువ ఉండేది, పసుపు కొమ్ము బొమ్మ, పొద్దున మొదటి పని అదే. చేతులు వేడెక్కాక పుస్తకం. ఆమె టీచర్లెవరూ ఆమె ముందు రాసుకునేవారు కారు, చూసింది గుర్తుంచుకుని గదిలోకి వెళ్ళి రాసుకునేవారు. తన పేరు చదవడం, బస్సు మీద బోర్డు చదవడం, సంచి కుట్టడం, మూడు పూటల వంటకు కూరలు తరగడం వచ్చాయి. పక్క గదిలో పోయిన ఆ నెలలు కూడా ఇక్కడే గడిచి ఉంటే ఇంకేం వచ్చేదో తెలియదు. ఆ లెక్క వేయడం మానేశాను.

కొన్నేళ్ళకు ధ్రువపత్రం మళ్ళీ తీసుకోవలసి వచ్చింది. ఈసారి మేము ఏమీ నేర్పలేదు. తొవ్వ పొడుగునా మా అక్క, డాక్టరు సారు అడిగితే చెప్పు బిడ్డా, నమస్తే పెట్టు, కలం పడితే తీసియ్యి అని చెప్తూనే వచ్చింది. లోపలికి వెళ్ళాము. కొత్త డాక్టరు, తెల్లకోటు, ముందర కాగితం. మా పిల్ల చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నేనే ఆయనకు చెప్పాను, ఇంట్లో అన్నీ చేస్తుంది సార్ అని. ఆయన నా వైపు జాలిగా చూశాడు, తల్లిదండ్రులందరూ అదే అంటారన్నాడు. పాత శాతమే రాశాడు. ఆ కాగితంలో ఉన్నది ఇప్పుడు నిజమో అబద్ధమో నాకు తెలియదు.

మా ఇంటి సంగతి తెలిసిన తర్వాతే ఆ బడిలో పద్ధతి మారింది. పిల్లను చేర్చుకునే ముందు ఒక టీచరు ఇంటికి వెళ్ళి, చేతిలో ఏ కాగితమూ లేకుండా, ఒక పూట ఊరికే కూర్చుని వస్తుంది. ఆపైన మూడు రోజులు బడిలో ఉంచి చూస్తారు. ఫారంలో ఆ చివరి ప్రశ్న చేర్చారు. ఏ పిల్ల వల్ల వచ్చిందో పెద్ద టీచరమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆమె పోయి కూడా చాలా ఏళ్ళయింది.

నిన్న పై పోర్షనువాళ్ళతో కలిసి ఆ బడికి వెళ్ళాను. చెరకు ట్రాక్టర్లు లేవు, ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామటుకు వరే వేస్తున్నారు. సైరను లేదు కాబట్టి వేళ తెలియలేదు. ఆఫీసులో కంప్యూటరు మీద రాసుకునే అమ్మాయి మమ్మల్ని వరండాలో కూర్చోమంది. నా మేనకోడలు ఇప్పుడు అక్కడే వంటింట్లో పని చేస్తుంది, జీతం ఇస్తారు, వయసు ముప్పైకి దగ్గర పడింది, జుట్టులో ఒకటి రెండు తెల్లవి. మమ్మల్ని చూడగానే గ్లాసులతో వచ్చింది.

"మామా, చాయ్ తాగు. చక్కెర ఒక్కపారే ఏసిన," అన్నది. పై పోర్షను పాపను చూసి, "గీ పిల్ల ఎవలు? కుర్చీల కూసుండవెట్టుండ్రి, కింద సల్లగున్నది," అన్నది. పాపకు తనే కుర్చీ లాగి వేసింది.

ఆ తల్లి ఫారం తీసి, నాలుగో పేజీ తిప్పి, అంకుల్, ఇదొక్కటి మిగిలింది కదా అన్నది. నేను జేబులోంచి కలం తీశాను. ఏమరపాటుగానే తీశాను.

నా మేనకోడలు చేతిలోని గ్లాసు నేల మీద పెట్టి, పక్క బెంచీ మీద కూర్చుంది. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది.

కలం మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. కనబడకుండా పైన కండువా కప్పుకున్నాను. ఫారం ఆ తల్లికే ఇచ్చి, లోపలికి వెళ్ళి మీరే రాయండమ్మా, ఏది చెప్పి తెచ్చారో అదే రాయండి అన్నాను. ఆమె నా మేనకోడలి చేతుల వైపు చూసింది, తర్వాత తన కూతురి వైపు చూసింది. ఆఫీసు గదిలోకి వెళ్ళి చాలాసేపు రాసింది. ఏం రాసిందో నేను అడగలేదు.

నేను వరండాలో కూర్చుని ఇరవై లెక్కపెట్టాను. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. మన కాలంలో బడిలో పిల్లలకు చేతులు కట్టుకుని కూర్చోవడమే మర్యాదని నేర్పేవారు, ఇప్పటి టీచర్లు ఆ చేతులు విప్పించడానికి ఇన్ని ఉపాయాలు పెడుతున్నారు. నేర్పడానికి మాకు పది రోజులు పట్టింది. మూడోసారి లెక్క సగంలో ఉండగా ఆమె కుడిచెయ్యి లేచింది. కింద పెట్టిన గ్లాసు తీసి నాకు అందించింది.

"సల్లగైంది మామా," అన్నది. "ఇంకోటి తెస్త."

వంటింటి వైపు వెళ్ళిపోయింది.